ఫోటో లేని రికార్డు

ఇర్వింగ్, టెక్సస్

చి. హరిణికి,


డెంటన్‌లో నువ్వు పాడిన రాత్రి గురించీ, ఆ తర్వాత ఆ మేనేజరు ఇచ్చిన సలహా గురించీ నువ్వు రాసిందంతా శ్రద్ధగా చదివాను. గొంతు బాగుంది, పాటలు బాగున్నాయి, కానీ మొదటి రెండు మూడు పాటలు నీ ఫోటో లేకుండా, పేరు కూడా కొంచెం మార్చి వదులుదాం, జనం గొంతుకు అలవాటు పడ్డాక ముఖం చూపిద్దాం అన్నాడని రాశావు. దానికి నల్లజాతి కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్‌ను ఉదాహరణగా చెప్పాడనీ రాశావు. "ఆయనకు పనిచేసింది కదా మామయ్యా" అని చివర్లో నువ్వే ఒక మాట చేర్చావు. ఆ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ఆ మేనేజరు చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. రేడియో స్టేషన్లు ఎవరి పాట వేస్తాయో, ఎవరిది పక్కన పెడతాయో ఆయన చూసే ఉంటాడు. నీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు. కాకపోతే చార్లీ ప్రైడ్ కథ సగమే చెప్పాడు. ఆ సగం పట్టుకుని నువ్వు నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ప్రైడ్ 1969 నుంచీ పోయేదాకా ఉన్నది మన డాలస్‌లోనే. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో కారు రేడియోలో ఆ గొంతు విని, ఎవరో తెలియకుండానే ఇష్టపడ్డవాణ్ణి. ఆ తర్వాత దొరికిన రికార్డల్లా కొన్నాను, 1994లో వచ్చిన ఆయన ఆత్మకథ చదివాను. అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మొదటి నుంచీ చెప్తాను, ఓపిగ్గా విను. చార్లీ ప్రైడ్ 1934 మార్చి 18న మిసిసిపీ రాష్ట్రంలో స్లెడ్జ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి కౌలుకు పత్తి పండించేవాడు. పిల్లలందరూ చేలోకి దిగాల్సిందే. పత్తి తీత ఎంత నడుం విరిచే పనో మన పల్నాడులో పెరిగిన మీ అమ్మమ్మను అడుగు, చెబుతుంది. ఆ ఇంట్లో ఒక రేడియో ఉండేది. దాని మీద పెత్తనం తండ్రిది. శనివారం రాత్రి అయితే చాలు, నాష్‌విల్ నుంచి వచ్చే 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' కార్యక్రమం పెట్టేవాడు. రాయ్ ఏకఫ్, ఎర్నెస్ట్ టబ్, హ్యాంక్ విలియమ్స్, వీళ్ల గొంతులు వింటూ పెరిగాడు ఈ పిల్లాడు. పద్నాలుగో ఏట సియర్స్ కంపెనీ గిటారు ఒకటి కొనుక్కుని, రేడియోలో విన్న స్వరాలను చెవితో పట్టుకుంటూ నేర్చుకున్నాడు. గురువు లేడు, నొటేషన్ లేదు.

ఆ ప్రాంతం మిసిసిపీ డెల్టా. బ్లూస్ పుట్టిన నేల. నల్లవాడు, అక్కడివాడు, కాబట్టి బ్లూస్ పాడాలి అన్నది లోకం లెక్క. ఆయన పాడింది మాత్రం తెల్లవాళ్లదని అందరూ అనుకునే కంట్రీ. వాళ్ల పాటలు నువ్వెందుకు పాడుతున్నావని సొంత అక్కే అడిగిందట. నిన్ను డెంటన్‌లో ఆ పెద్దాయన "మీ పాటలు పాడవచ్చు కదా" అని అడిగాడని రాశావే, అలాంటి ప్రశ్నే ఇది. ఆయన్ను ఇంట్లోవాళ్లూ అడిగారు, బయటివాళ్లూ అడిగారు. నిన్నూ రెండు వైపులవాళ్లూ అడుగుతారు. దసరా పండక్కి మనవాళ్లు చేరినచోట "కీర్తన ఒకటి పాడమ్మా, ఆ కౌబాయ్ పాటలెందుకు" అంటారు. దానికి సమాధానం వెతుక్కుంటూ కూర్చోకు. ఆ అబ్బాయి చెవిలో చిన్నప్పటి నుంచీ పడింది ఆ పాట, అందుకని అది ఆయన పాట అయింది. నువ్వు ఏడో ఏట నుంచీ ప్లేనోలో స్కూలు బస్సు రేడియోలో విన్నది ఇదే పాట. నీది కూడా అంతే.

ఇంకో సంగతి. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్లతో అమెరికాకు వచ్చిన వాద్యం. ఓప్రీ మొదలైన తొలి ఏళ్లలోనే డీఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు మౌతార్గాన్‌తో ఆ వేదిక మీద పేరు తెచ్చుకున్నాడు. 1941లో ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత నల్లవాళ్లకూ కంట్రీ పాటకూ సంబంధమే లేనట్టు చరిత్ర చెప్పుకొచ్చారు. 'ఇది వాళ్ల సంగీతం' అన్న మాట నువ్వు విన్నప్పుడల్లా బెయిలీని తలచుకో.

ప్రైడ్ సంగీతంలోకి నేరుగా రాలేదు. ముందు బేస్‌బాల్. నల్లవాళ్ల జట్లు ఆడే నీగ్రో లీగ్‌లో మెంఫిస్ రెడ్ సాక్స్ జట్టుకు బంతి వేశాడు. పెద్ద లీగుల్లోకి వెళ్లాలన్నది ఆశ. చేతికి దెబ్బలు తగిలాయి, రెండేళ్లు సైన్యంలో పోయాయి. 1960లో మోంటానాకు చేరాడు. ఈస్ట్ హెలెనాలో సీసం, జింకు కరిగించే కర్మాగారంలో కొలిమి దగ్గర పని. ఆ కర్మాగారం జట్టుకే బేస్‌బాల్ ఆడేవాడు. ఆటకు ముందు మైదానంలో నిలబడి పాట పాడితే దానికి వేరే పది డాలర్లు ఇచ్చేవారు. రాత్రుళ్లు ఆ చుట్టుపక్కల బార్లలో పాడేవాడు. అక్కడ వినేవాళ్లంతా తెల్లవాళ్లే, గని పనివాళ్లు, కర్మాగారం కూలీలు. ఈ ఏళ్ల గురించి చాలామంది ఒక వాక్యంలో చెప్పి దాటేస్తారు. నాకైతే ఆయన జీవితంలో అసలు బడి ఇదేననిపిస్తుంది. రోజంతా కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకుని వచ్చినవాడికి పాట వినిపించాలంటే మాట అర్థం కావాలి, స్వరం నిలబడాలి, పాట తొందరగా అసలు సంగతికి రావాలి. అవన్నీ ఆయనకు అక్కడ అబ్బాయి. నువ్వు ఆదివారాలు ఆ బార్బెక్యూ హోటల్లో పాడుతున్నావని, అక్కడ ఎవరూ వినడం లేదని విసుక్కున్నావు. ఆ పని మానకు.

1962లో రెడ్ ఫోలీ, రెడ్ సోవైన్ అనే ఇద్దరు పేరున్న గాయకులు హెలెనా వచ్చినప్పుడు ఈయన పాట విని నాష్‌విల్ వెళ్లమన్నారు. వెంటనే వెళ్లలేదు. 1963లో న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు శిబిరానికి వెళ్లి అక్కడ అవకాశం దొరకక, తిరుగు దారిలో నాష్‌విల్‌లో దిగాడు. జాక్ జాన్సన్ అనే ఆయన పాట విని మేనేజరుగా ఉంటానన్నాడు. అప్పుడు కూడా మళ్లీ మోంటానాకే, కొలిమి దగ్గరకే. 1965లో నిర్మాత జాక్ క్లెమెంట్ చేతిలో పడ్డాక గానీ రికార్డింగు జరగలేదు. క్లెమెంట్ ఆ టేపు తీసుకెళ్లి ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో చెట్ ఆట్‌కిన్స్‌కు వినిపించాడు. ఆట్‌కిన్స్ కంపెనీ పెద్దలకు ముందు పాట వినిపించి, వాళ్లు మెచ్చుకున్నాక ఇతను నల్లవాడని చెప్పాడు. అయినా తీసుకున్నారు. తీసుకున్నారు గానీ భయపడ్డారు. మామూలుగా కొత్త గాయకుడి రికార్డు రేడియో స్టేషన్లకు పంపేటప్పుడు వెంట ఫోటో పంపుతారు. 1966లో 'ద స్నేక్స్ క్రాల్ ఎట్ నైట్' పాట ఫోటో లేకుండా వెళ్లింది. పేరు మాత్రం 'కంట్రీ చార్లీ ప్రైడ్' అని వేశారు. ఇతను కంట్రీయే, అనుమానపడకండి అని ముందే చెప్పుకున్నట్టు.

మీ మేనేజరు కథ ఇక్కడితో ఆపాడు. ఇప్పుడు మిగతాది విను.

ఫోటో లేకుండా వెళ్లిన ఆ మొదటి పాట బిల్‌బోర్డ్ పట్టికలో కనిపించలేదు. రెండో పాటా కనిపించలేదు. ఆ ఏడాదే ఆయన మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని అట్ట మీద ఆయన ముఖం ఉంది, దాపరికం ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చిన మూడో పాట, క్లెమెంట్ రాసిన 'జస్ట్ బిట్వీన్ యూ అండ్ మీ', మొదటి పదిలోకి వెళ్లి గ్రామీ నామినేషన్ తెచ్చింది. 1967 జనవరి 7న ఓప్రీ వేదిక మీద ఆయన్ను పరిచయం చేసింది ఎర్నెస్ట్ టబ్. చిన్నప్పుడు తండ్రి రేడియోలో విన్న అదే టబ్. అంటే ముఖం దాచిన పాటలు నడవలేదు, ముఖం తెలిసిన పాట నడిచింది. దాచడం వల్ల కొన్ని స్టేషన్లలో ఆ గొంతు ఒకసారి వినిపించి ఉండొచ్చు, అంతవరకూ నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన్ను నిలబెట్టింది అది కాదు. ఆ దాపరికం ఆయన ఆలోచన కూడా కాదు. అది కంపెనీ భయం. వాళ్ల భయాన్ని మీ మేనేజరు ఇప్పుడు నీకు ఉపాయంగా అమ్ముతున్నాడు.

దాచిన ముఖం ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి కదా. అది బయటపడే క్షణం ఎలా ఉంటుందో కూడా ఆయన అనుభవంలో ఉంది. 1966లోనే డెట్రాయిట్‌లో ఒలింపియా స్టేడియంలో పెద్ద కచేరీ. వేలమంది జనం. పేరు పిలవగానే చప్పట్లు హోరెత్తాయి, రేడియోలో విన్న గొంతు కదా. ఆయన వెలుతురులోకి రాగానే ఆ హోరు చల్లారి హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆయన నవ్వుతూ, ఎప్పటికీ వదలని ఈ ఎండ రంగుతో ఒకడు వచ్చి కంట్రీ పాడటం మీకు కొత్తగా ఉంటుందని తెలుసు అన్న అర్థంలో ఒక మాట అని, నా దగ్గర ఉన్నది పది నిమిషాలే, నా పాటలు పాడతాను, హ్యాంక్ విలియమ్స్‌ది కూడా ఒకటి పాడతాను అని మొదలుపెట్టాడు. పాట అయ్యేసరికి జనం ఆయన వైపు ఉన్నారు. ఈ సంఘటన చెప్పేవాళ్లంతా ఆ చమత్కారాన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం బాధ కలిగిస్తుంది. ముందే ఫోటో వెళ్లి ఉంటే అంతమంది ఎదుట ఆ నిశ్శబ్దాన్ని ఒంటరిగా మోయాల్సిన పని ఆయనకు ఉండేదే కాదు. నీకు అలాంటి క్షణాన్ని కావాలని తయారు చేసుకోవద్దు తల్లీ.

మరి ఆయనకు పనిచేసింది ఏమిటి? పాడిన తీరు. నువ్వు నేర్చుకోవాల్సింది అక్కడ ఉంది కాబట్టి కాసేపు అక్కడే ఉంటాను.

ఆయనది బారిటోన్. లోతుగా ఉంటుంది కానీ బరువుగా ఉండదు. పై స్థాయికి వెళ్లినా అరిచినట్టు అనిపించదు. ప్రతి మాటా విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. కంట్రీ గాయకుల్లో చాలామంది ముక్కుతో లాగి పాడతారు, మాట కొంత స్వరంలో కలిసిపోతుంది. ఈయన మాటను ఎప్పుడూ వదలడు. 1970లో వచ్చిన 'ఈజ్ ఎనీబడీ గోయిన్ టు శాన్ ఆంటోన్' విను. వానలో, చలిలో, రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి కథ. ఆయన దుఃఖం నటించడు. మామూలు మాట చెబుతున్నట్టే పాడతాడు. దుఃఖమంతా వెనక ఫిడేలు మోస్తుంది. ఆ కాలంలో నాష్‌విల్‌లో చాలా రికార్డులు వయొలిన్ బృందాలతో, కోరస్‌లతో మెత్తగా తయారయ్యేవి, పాప్ జనాన్ని పట్టుకోవడానికి. ఈయన రికార్డుల్లో కోరస్ ఉంటుంది గానీ ముందు నిలబడేది స్టీల్ గిటారు, ఫిడేలు. ఫోర్ట్‌వర్త్‌లోని పాంథర్ హాల్‌లో రికార్డు చేసిన 'ఇన్ పర్సన్' ఆల్బమ్ ఉంది, 1969లో వచ్చింది. అందులో లాయిడ్ గ్రీన్ స్టీల్ గిటారు వాయించాడు. గాయకుడు వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట ఆ స్టీల్ ఎలా వచ్చి అందుకుంటుందో గమనించు. ఆయన ఆ ఖాళీని వదిలిపెడతాడు, నింపడానికి ప్రయత్నించడు. నువ్వు పంపిన రికార్డింగులో నాకు లోటుగా అనిపించింది ఇదే. గిటారు పలికే చోట కూడా నీ గొంతు ఏదో చేస్తూనే ఉంది.

దీన్ని రే చార్ల్స్‌తో పోల్చి చూడు. ఆయన 1962లో 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్ట్రన్ మ్యూజిక్' అని గొప్ప ఆల్బమ్ చేశాడు. కంట్రీ పాటలను తీసుకుని, పెద్ద బృందంతో, తన పద్ధతిలోకి మార్చుకుని పాడాడు. అదొక దారి, గౌరవించదగిన దారి. ప్రైడ్ ఆ పని చేయలేదు. కంట్రీ పాటను కంట్రీ పాటగానే, ఆ ఇంట్లో పుట్టినవాడిలాగే పాడాడు. నీ ముందు కూడా ఈ రెండు దారులూ ఉన్నాయి. నీ సంగీతం టీచరు గారి దగ్గర నేర్చుకున్న గమకాలు ఈ పాటల్లోకి తెస్తే కొత్తగా ఉంటుందని మీ స్నేహితులు అంటున్నారట. తెస్తే తేవచ్చు, కానీ అది నీ చెవి అడిగితే తేవాలి, జనం నీ ముఖం చూసి ఎదురుచూస్తారని తేకూడదు. ప్రస్తుతానికి నీకు ఆ చదువు ఇచ్చిన శ్రుతి శుద్ధి చాలు. ఒక స్వరం మీద కదలకుండా నిలబడగలవు, అది చాలామందికి రాదు. కంట్రీలో గమకం ఉండాల్సిన చోటు చాలా చిన్నది. పదం చివర కొద్దిగా వంగి, మళ్లీ నేరుగా అయిపోతుంది. ప్రైడ్ ఎక్కడ వంచాడో, ఎక్కడ వంచలేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ విను.

యాస సంగతి కూడా అడిగావు. వద్దు. ప్రైడ్ మాటలో ఉన్న దక్షిణాది యాస ఆయన పుట్టిన చేలో నుంచి వచ్చింది, అరువు తెచ్చుకున్నది కాదు. నువ్వు ప్లేనోలో పెరిగావు. ప్లేనో పిల్లలు మాట్లాడినట్టే నువ్వు మాట్లాడతావు. అలాగే పాడు. లేని యాస పెట్టుకుంటే మొదటి చరణంలోనే పట్టుకుంటారు, అప్పుడు నీ గొంతులో నిజంగా ఉన్నది కూడా వాళ్లకు నటనగానే వినిపిస్తుంది.

ఇక పాటలు రాయడం. సొంతంగా రాయకపోతే ఎవరూ పట్టించుకోరని నీకు ఒక బెంగ ఉంది. రాయి, తప్పకుండా రాయి. కానీ ఎంచుకోవడం కూడా ఒక విద్యేనని ప్రైడ్‌ను చూసి నేర్చుకో. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పాటలు దాదాపు అన్నీ వేరేవాళ్లు రాసినవే. 1969లో మొదటిసారి పట్టికలో అగ్రస్థానం తెచ్చిన 'ఆల్ ఐ హావ్ టు ఆఫర్ యూ ఈజ్ మీ' రాసింది డాలస్ ఫ్రేజియర్, ఎ. ఎల్. ఓవెన్స్. 1971లో 'కిస్ ఏన్ ఏంజెల్ గుడ్ మార్నిన్' రాసింది బెన్ పీటర్స్. ఆ పాట కంట్రీ దాటి పాప్ పట్టికలో కూడా 21వ స్థానానికి చేరింది. భార్యాభర్తల సంతోషం గురించిన పాట అది. సంతోషాన్ని పాడటం ఎంత కష్టమో నీకు తెలుసు, కొంచెం ఎక్కువైతే తీపి ముదిరిపోతుంది. ఆయన దాన్ని తేలిగ్గా, ముఖంలో చిరునవ్వు వినిపించేలా పాడాడు. నాకు ఇంకా ఇష్టమైనది 1974 నాటి 'మిసిసిపీ కాటన్ పికింగ్ డెల్టా టౌన్'. ఆయన పుట్టిన ఊరి లాంటి ఊరి పాట. రాసిన హెరాల్డ్ డార్మన్ కూడా ఆ స్లెడ్జ్ ఊళ్లోనే పెరిగిన తెల్లవాడు. అదే దుమ్ము, అదే పత్తి. ఒకరు రాశారు, ఒకరు పాడారు. వినేటప్పుడు అది ఆయన రాయలేదని నాకెప్పుడూ అనిపించలేదు. పరాయి పాటను అంత తనదిగా చేసుకోగలిగిన రోజు నువ్వు రాసే పాటలు కూడా మారతాయి.

ఆ తర్వాతి లెక్కలు నీకు ఎక్కడైనా దొరుకుతాయి, క్లుప్తంగా చెప్తాను. బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో అగ్రస్థానానికి వెళ్లినవి 29 పాటలు. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ (సీఎంఏ) వారి 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్'. ఆ ఏడూ, మరుసటి ఏడూ ఉత్తమ గాయకుడు. 1970లలో ఆర్‌సీఏ కంపెనీకి ఎల్విస్ తర్వాత ఎక్కువగా అమ్ముడైన గాయకుల్లో ఈయన ఒకరు. 1980లో హ్యాంక్ విలియమ్స్ పాటలతో ఒక ఆల్బమ్ చేస్తే, చిన్నప్పుడు విన్న ఆ పాటల్లో రెండు మళ్లీ అగ్రస్థానానికి వెళ్లాయి. 2000లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అందులోకి వెళ్లిన మొదటి నల్లజాతి కళాకారుడు ఆయనే. బెయిలీకి ఆ గౌరవం 2005లో, ఆయన పోయాక వచ్చింది.

ఇదంతా చదివి, గొంతు బాగుంటే చాలు, తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయని అనుకోకు. అలా చెప్తే నేను నీకు అబద్ధం చెప్పినట్టే. ప్రైడ్ వెలిగిపోతున్న రోజుల్లోనే, 1969లో, లిండా మార్టెల్ అనే నల్లజాతి గాయని ఓప్రీలో పాడింది. 1970లో 'కలర్ మీ కంట్రీ' అని ఒక ఆల్బమ్ వచ్చింది. విను, ఏ పెద్ద గాయనికీ తీసిపోదు. కచేరీల్లో తిట్లు భరించింది, తర్వాత రికార్డులు రాలేదు, ఆ ఆల్బమ్‌తోనే ఆగిపోయింది. 2024లో బియాన్సే తన 'కౌబాయ్ కార్టర్'లో ఆమె గొంతును వినిపించేదాకా చాలామందికి ఆమె పేరే తెలియదు. ప్రైడ్ చివరిసారి అగ్రస్థానానికి వెళ్లింది 1983లో, 'నైట్ గేమ్స్' పాటతో. ఆయన తర్వాత ఒంటరిగా పాడే మరో నల్లజాతి గాయకుడు, డేరియస్ రకర్, ఆ స్థానానికి వెళ్లడానికి 2008 దాకా పట్టింది. పాతికేళ్లు. ఒక మనిషిని లోపలికి రానిచ్చి తలుపు మళ్లీ వేసుకున్నారు. ప్రైడ్ గెలుపును చూపించి 'అడ్డంకులేమీ లేవు' అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. లిండా మార్టెల్‌ను చూసి మానేద్దామనీ అనుకోకు. ఇద్దరి పాటా పక్కపక్కన పెట్టుకుని విను.

ఆయన జాతి గురించి వేదికల మీద పెద్దగా మాట్లాడలేదని కొందరు తప్పుపట్టారు. నన్ను అమెరికన్ గాయకుడనే పిలవండి, రంగు పేరు తగిలించకండి అన్నది ఆయన ధోరణి. నీ తరం పిల్లలకు అది నచ్చకపోవచ్చు. నాకూ కొన్నిచోట్ల నచ్చదు. కానీ ఆయన వెళ్లి నిలబడ్డ చోట్లను కూడా లెక్కలో వేసుకోవాలి. ఉత్తర ఐర్లండ్‌లో అప్పుడు మతాల మధ్య చంపుకోవడాలు. 1975 జూలైలో మయామీ షోబ్యాండ్ అనే బృందం కచేరీ ముగించుకుని వెళ్తుంటే దారి కాచి ముగ్గురిని చంపేశారు. ఆ తర్వాత బయటి కళాకారులు అటువైపు వెళ్లడానికి జంకారు. 1976లో ప్రైడ్ బెల్‌ఫాస్ట్ వెళ్లి పాడాడు. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే హాల్లో కూర్చుని విన్నారు. 'క్రిస్టల్ షాండలియర్స్' అనే పాట అమెరికాలో విడిగా రికార్డుగా కూడా రాలేదు, ఐర్లండ్‌లో మాత్రం జనం దాన్ని తమ పాట చేసుకున్నారు. సొంత దేశంలో ఎవరి పాట అని అడిగించుకున్న మనిషిని అక్కడివాళ్లు ఆ ప్రశ్నే లేకుండా తమవాణ్ణి చేసుకున్నారు. నీ పాట కూడా ఎక్కడ నాటుకుంటుందో ముందే చెప్పలేం.

ఒక్క విషయం మీ అమ్మ ముందు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఆత్మకథలో ఆయన తనకున్న మేనిక్ డిప్రెషన్ గురించి దాచకుండా రాశాడు. ఆసుపత్రిలో ఉన్న రోజులు, మందులు, భార్య రోజీన్ పక్కన నిలబడ్డ తీరు అన్నీ చెప్పాడు. ఆ జబ్బుకు కారణం ఇదని నేను చెప్పను, అది డాక్టర్ల పని. కానీ ఎప్పుడూ నవ్వుతూ, ఎదుటివాళ్ల ఇబ్బందిని తానే తేలిక చేస్తూ బతకాల్సిన మనిషి ఇంటికి వచ్చాక ఎంత అలసిపోయి ఉంటాడో నేను ఊహించగలను. కచేరీ తర్వాత రెండు మూడు రోజులు గదిలోంచి బయటికి రావాలనిపించడం లేదని నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. అది నాకు ఉత్తరమంతటిలోకీ ముఖ్యమైన వాక్యం. మీ యూనివర్సిటీలో కౌన్సిలర్ ఉంటారు, ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకో. పాట కోసం కాదు, నీ కోసం. వెళ్లొచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఇంకా ఉంది. 1986లో ఆయన ఆర్‌సీఏ నుంచి బయటికి వచ్చేశాడు. కంపెనీ దృష్టి కుర్రవాళ్ల మీద ఉంది, తనను పట్టించుకోవడం లేదన్న బాధ ఆయనది. ఇరవై ఏళ్లు అంత సంపాదించి పెట్టినవాడితోనే అలా ఉన్నారంటే, నీతో ఎలా ఉంటారో ఆలోచించుకో. ఆయన పాడటం మాత్రం ఆపలేదు. 1993లో ఓప్రీలో సభ్యుడయ్యాడు. 2020 నవంబర్‌లో, ఎనభై ఆరేళ్ల వయసులో, జీవితకాల పురస్కారం అందుకుని సీఎంఏ వేదిక మీద జిమ్మీ అలెన్ అనే యువ గాయకుడితో కలిసి పాడాడు. ఆ డిసెంబర్ 12న కోవిడ్‌తో ఇక్కడే డాలస్‌లో పోయాడు. ఆ వార్త విన్నప్పుడు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

ఇక మీ మేనేజరు పంపిన ఒప్పందం కాగితం సంగతి. పాట ఒకటి విడుదల చెయ్యడానికే ఆయన అడుగుతున్నాడా, లేక నువ్వు రాసే పాటల మీద హక్కు కూడా అడుగుతున్నాడా, నువ్వు రాసినదాన్ని బట్టి నాకు తెలియలేదు. రెండోదైతే చాలా జాగ్రత్తగా ఉండాలి. కాగితం మొత్తం స్కాన్ చేసి పంపు, ఇక్కడ వినోద రంగపు ఒప్పందాలు చూసే లాయరు నాకు తెలుసు, చదివించి చెప్తాను. అప్పటిదాకా సంతకం పెట్టకు. ఫోటో విషయం మాత్రం లాయరు కోసం ఆగక్కర్లేదు. నీ పేరు నీ పేరే, హరిణి అనే ఉంచు. పలకడం వాళ్లు నేర్చుకుంటారు. పాట అట్ట మీద నీ ఫోటో వేయించు. డెంటన్‌లో తీసిన ఆ ఫోటో, గిటారు పక్కన పెట్టి కూర్చున్నది, బాగుంది. అదే పంపు.

పాంథర్ హాల్ రికార్డు నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి మీ అమ్మ చేత పంపుతున్నాను. మొదటి వైపు అయ్యాక రెండో వైపు కూడా పూర్తిగా విను. నీ బృందంలో స్టీల్ గిటారు వాయించే ఆ అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, అతనికీ పని ఉంది అందులో.

నీ మామయ్య